సభకు ముందే ముగిసే సభ

గ్రామసభ పెడితే జనం రారు. సాగునీటి సంఘం సర్వసభ్య సమావేశం అంటే సంతకాల పుస్తకమే ఇల్లిల్లూ తిరిగి వస్తుంది. బడి కమిటీకి తల్లులు వస్తారు, చెప్పింది వింటారు, టీ తాగి వెళ్తారు. ఏ సర్పంచిని పలకరించినా, ఏ అధికారిని కదిపినా ఒకటే మాట: జనానికి ఆసక్తి లేదండీ. మరి కాలవలో నీళ్లు తగ్గి నారుమడి బీటలు వారినప్పుడు అదే జనం పిలవకుండానే లాకుల దగ్గరికి ఎలా చేరతారు? చేపల చెరువు గట్టు తమ మురుగు కోడుకు అడ్డం పడిందనుకున్నప్పుడు తహసీల్దారు కార్యాలయం ముందు పొద్దుపోయేదాకా ఎందుకు కూర్చుంటారు? ఆసక్తి లేనివాళ్లు చేసే పనులు కావివి.

నాయకుడు సభ్యులను అడిగి నడుచుకోవాలి, సభ్యులు వచ్చి తమ మాట చెప్పాలి. ఈ మాటను కాదనేవాళ్లు లేరు. గత ముప్పై ఏళ్లలో దాన్ని చట్టాలుగా, కమిటీలుగా, పథకాలుగా మార్చి ఆంధ్రప్రదేశ్ చేసినన్ని ప్రయోగాలు దేశంలో చాలా రాష్ట్రాలు చేయలేదు. వాటిలో ఏది ఎందుకు నిలబడింది, ఏది పేరుకే మిగిలింది అని ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం పని. ఆ చూపుకు ఒక నేల కావాలి కాబట్టి కృష్ణా డెల్టా కింది కొసన గుడివాడ పక్కనున్న నందివాడ మండలాన్ని తీసుకుంటున్నాను. రాజధాని నుంచి చూస్తే పంచాయతీలన్నీ ఒకేలా కనిపిస్తాయి. నందివాడ నుంచి చూస్తే అలా ఉండదు.

ముందు ఈ నేల సంగతి. నందివాడ శివారు ప్రాంతం. విజయవాడ దగ్గర 1855లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ సుమారు 13 లక్షల ఎకరాల డెల్టాకు నీళ్లిస్తోంది. ఆ నీళ్లు తూర్పు డెల్టా కాలవల వెంట ఊరూరూ దాటి ఇక్కడికి చేరేసరికి ఎగువవాళ్లు వాడుకోగా మిగిలినవే. అదే సమయంలో ఎగువనున్న మురుగంతా కొల్లేటికి పోయేది ఈ దారినే. బుడమేరు ఇటునుంచే వెళ్లి కొల్లేట్లో కలుస్తుంది, కొల్లేరు నుంచి సముద్రానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అంటే కావలసినప్పుడు నీళ్లు రావు, అక్కర్లేనప్పుడు వచ్చిన నీళ్లు పోవు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు తర్వాత నందివాడ పల్లెల మీదా పడింది. ఇలాంటి చోట ఒక్క రైతు ఒంటరిగా బతకలేడు. పై ఊరి తూము ఎప్పుడు దించాలో, కింది ఊరి కోడులో గుర్రపుడెక్క ఎప్పుడు తీయాలో పదిమంది కూర్చుని తేల్చుకోవాలి. సభ్యుల భాగస్వామ్యం గురించి పుస్తకాల్లో చెప్పే కారణాలన్నీ ఇక్కడ నేల మీదే ఉన్నాయి.

1980లలో రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు ఆంధ్ర పల్లెలను చూసి చెప్పింది కూడా ఇదే. ఆయన తిరిగింది డెల్టాలో కాదు, కర్నూలు జిల్లా కాలవ కింద ఊళ్లలో. 1988లో వచ్చిన ‘విలేజ్ రిపబ్లిక్స్’ పుస్తకంలో ఆయన గమనించిన విషయం సూటిగా ఉంటుంది. కాలవ మొదట్లో ఉన్న ఊళ్లలో ఉమ్మడి ఏర్పాట్లు పెద్దగా లేవు. చివర ఉన్న ఊళ్లలో మాత్రం పెద్దమనుషులు కూర్చుని నీళ్లు పెట్టడానికి మనుషులను పెట్టుకున్నారు, పంట కాపలాకు జీతగాళ్లను పెట్టుకున్నారు, కోతల తర్వాత చేలల్లో గొర్రెల మందలు తోలుకునే హక్కును వేలం వేసి ఆ డబ్బుతో ఉమ్మడి నిధి నడిపారు. ఈ ఏర్పాటుకూ ప్రభుత్వ పంచాయతీకీ సంబంధం లేదు. ఎవరూ చట్టం చేయలేదు, శిక్షణ ఇవ్వలేదు. కూర్చోకపోతే పంట పోతుంది కాబట్టి కూర్చున్నారు. ఉమ్మడి వనరులను జనమే నడుపుకోగలరని చెప్పి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ వాదానికి బలమిచ్చిన ఉదాహరణల్లో మన రాయలసీమ పల్లెలూ ఉన్నాయని మనలో చాలామందికి తెలియదు.

వేడ్ మాట ప్రకారమైతే శివారున ఉన్న నందివాడలో నీటి సంఘాలు బ్రహ్మాండంగా నడవాలి. నడిచాయా?

1997లో రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం వచ్చింది. ఆ ఏడు జూన్‌లో ఒక్క ఊపున రాష్ట్రమంతటా 10,292 నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ప్రపంచ బ్యాంకు మెచ్చుకుంది, ఇతర రాష్ట్రాలవాళ్లు వచ్చి చూసి వెళ్లారు. చట్టం చదివితే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. సీజను ముందు ఎవరికి ఎప్పుడు నీళ్లో సంఘమే ప్రణాళిక వేయాలి. కాలవ పనులు సంఘమే చేయించాలి. పనుల లెక్క సభ్యుల ముందు పెట్టాలి. నచ్చని అధ్యక్షుణ్ణి మధ్యలోనే వెనక్కి పిలిచే ఏర్పాటు కూడా ఉంది. అంతకుముందే నీటి పన్ను మూడింతలు దాటించారు, అందులో కొంత సంఘాలకే తిరిగి వస్తుందన్నారు. మొదటి రెండు మూడేళ్లలో బోదెలు బాగుపడ్డాయి, ఏళ్ల తరబడి పేరుకున్న తూడు, పూడిక తీశారు, శివారుకు నీళ్లు చేరిన చోట్లూ ఉన్నాయి. ఇది అబద్ధం కాదు.

ఆ తర్వాతే కథ మారింది. 2005లో వి. రత్నారెడ్డి, పి. పృథ్వీకర్ రెడ్డి ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ఈ సంఘాల మీద రాసిన వ్యాసం పేరే ఒక ప్రశ్న: భాగస్వామ్య నీటి యాజమాన్యంలో భాగస్వామ్యం ఎంత? సంఘాలు పుట్టాయి కానీ వాటి చేతికి రావలసిన అధికారాలు రాలేదనీ, సభ్యుల పాత్ర తక్కువనీ, అధ్యక్షుడి చుట్టూ తిరిగే పనులే ఎక్కువనీ ఆ పరిశీలనల సారాంశం. నీళ్లు ఎప్పుడు వదలాలో ఇంజనీర్లే చెబుతారు. సంఘానికి మిగిలింది పూడిక తీసే కాంట్రాక్టు. నిర్ణయం తీసి పక్కన పెట్టి పని బిల్లు మాత్రం చేతికిస్తే, సంఘంలోకి నీళ్లు కావలసినవాళ్ల కంటే బిల్లు కావలసినవాళ్లు ముందొస్తారు. దీన్ని అవినీతి అని తిట్టి వదిలేయడం తేలిక. నాకు కనిపించేది వేరే లోపం. సభ్యుణ్ణి అడిగేందుకు సంఘం దగ్గర ప్రశ్నే లేదు. ‘ఈ ఏడు దాళ్వాకు నీళ్లు ఉంటాయా’ అన్నది జిల్లా నీటిపారుదల సలహా మండలిలో, అంతకంటే పైన తేలుతుంది. ‘ఏ బోదెలో ముందు పూడిక తీయాలి’ అన్నది అధ్యక్షుడి ఇంటి అరుగు మీద తేలుతుంది. ఇక సర్వసభ్య సమావేశంలో తేలాల్సింది ఏముంది?

సభ్యుడు ఎవరన్నది ఇంకో చిక్కు. చట్టం ప్రకారం ఒకే భూమికి యజమానీ కౌలుదారూ ఉంటే కౌలుదారుకే సభ్యత్వం. కాగితం మీద ఇది చాలా ముందుచూపున్న ఏర్పాటు. కానీ కౌలు అన్నది కాగితం మీదికి ఎక్కాలి కదా. డెల్టాలో కౌలు నోటిమాటే. రాసిస్తే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని భయం, రాయమంటే పొలం ఎక్కడ లాక్కుంటాడోనని కౌలుదారు భయం. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది, 2019లో దాని బదులు పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఈ రెండో చట్టం కార్డుకు యజమాని సంతకం అడగడంతో పరిస్థితి పెద్దగా కదల్లేదు. ఫలితం ఏమిటంటే నీళ్లు పెట్టేవాడు సంఘంలో లేడు, సంఘంలో ఉన్నవాడు గుడివాడలోనో హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్నాడు. ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. నాట్లూ కలుపూ వాళ్లవే, పట్టా మాత్రం మగవాళ్ల పేరున ఉంటుంది కాబట్టి సభ్యత్వమూ వాళ్లదే.

నందివాడకే ప్రత్యేకమైన మలుపు ఇక్కడ వస్తుంది. వేడ్ చూసిన కర్నూలు రైతుకు నీళ్లు రాకపోతే కూర్చుని తేల్చుకోవడం తప్ప దారి లేదు. నందివాడ రైతుకు ఇంకో దారి దొరికింది, అది చేపల చెరువు. నీటి వంతుల కోసం పోట్లాడి, మురుగు కోసం కాళ్లరిగేలా తిరిగి, చివరికి ఎకరాకు నాలుగు బస్తాలు మిగుల్చుకునే బదులు పొలాన్ని చెరువుకు లీజుకిస్తే ఏడాది డబ్బు ముందే చేతికొస్తుంది. ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ఒక చిన్న పుస్తకంలో చెప్పిన మాట ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. ఒక సంస్థ చెడిపోతుంటే సభ్యుడికి రెండు దారులుంటాయి, నోరు విప్పి గొడవ పెట్టుకోవడం, లేదా లేచి వెళ్లిపోవడం. వెళ్లిపోవడం తేలికయ్యేకొద్దీ నోరు విప్పేవాళ్లు తగ్గుతారు. ముందుగా వెళ్లిపోయేది కూడా గట్టిగా అడగగలిగినవాళ్లే. పొలం లీజుకిచ్చి ఊరు విడిచిన రైతు నీటి సంఘం సమావేశానికి రాకపోవడం బద్ధకం కాదు, అతనికి అక్కడ పని లేదు. మిగిలిన వరి రైతు చుట్టూ చెరువుల మధ్య ఊట నీటితో ఒంటరివాడవుతాడు. అతని మాట వినడానికి సంఘంలో జనమే తగ్గిపోయారు.

వెళ్లిపోవడం అన్నింటికంటే తేలికగా ఉండే చోటు కంప్యూటర్లో ఆడే రాజకీయ ఆటలు. మ్యాక్స్ బ్యారీ అనే ఆస్ట్రేలియా రచయిత 2002లో మొదలుపెట్టిన ‘నేషన్‌స్టేట్స్’లో ఎవరైనా ఒక ఊహా దేశం పెట్టుకుని, పది దేశాలు కలిసి ఒక ప్రాంతంగా ఏర్పడి, రాజ్యాంగం రాసుకుని, ప్రతినిధిని ఎన్నుకుంటారు. ఇరవై ఏళ్లు దాటినా నడుస్తూనే ఉంది. అక్కడ నాయకులకు అన్నింటికంటే పెద్ద బెంగ తిరుగుబాటు కాదు, సభ్యులు చడీచప్పుడూ లేకుండా మానేయడం. అందుకే అలాంటి గుంపుల్లో నాయకత్వం అంటే సగం అడుగుతూ ఉండటమే. ఏ చట్టం మార్చాలి, ఎవరికి ఏ శాఖ ఇవ్వాలి, కొత్తగా వచ్చినవాడికి ఏం పని అప్పగించాలి అని ఎప్పుడూ అడగకపోతే ఆ ఊహా దేశం ఖాళీ అవుతుంది. చిత్రం ఏమిటంటే, ఏమీ పోయేది లేని ఆటలో నాయకుడు సభ్యుణ్ణి బతిమాలుతున్నాడు, పంట పోయే చోట సభ్యుడు నాయకుణ్ణి బతిమాలుతున్నాడు.

మన దగ్గర నాయకుడు అడగకుండా నెట్టుకురావడానికి ఒక కారణం ‘ఏకగ్రీవం’. ఈ మాటకు తెలుగు రాజకీయాల్లో ఉన్న మర్యాద ఇంతా అంతా కాదు. ఎన్నిక లేకుండా తేల్చుకున్న పంచాయతీకి ప్రభుత్వం నగదు ప్రోత్సాహం ఇస్తుంది. 2021 పంచాయతీ ఎన్నికలకు ఆ మొత్తం జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ఉంది. అప్పుడు ప్రభుత్వానికీ, రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్‌కూ ఈ విషయం మీద కూడా నడిచిన రగడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. చాలా ఏళ్లు ఎన్నికలే లేక పడివున్న నీటి సంఘాలకు 2024 డిసెంబరు 14న ఎన్నికలు జరిగినప్పుడు కూడా చాలాచోట్ల అదే మాట వినిపించింది. ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించింది, అధికార కూటమి ఏకగ్రీవాల లెక్క చెప్పుకుంది. పార్టీలు మారాయి కానీ పద్ధతి మారలేదు.

ఏకగ్రీవం మంచిదా చెడ్డదా అని ఒక్క ముక్కలో తేల్చలేం. కొట్లాటలు, కేసులు, ఖర్చు తప్పుతాయన్న మాటలో నిజం ఉంది. ఎన్నికల్లో పుట్టిన పగ పదేళ్లు పొలం గట్ల మీద నడిచిన ఊళ్లు డెల్టాలో ఎన్నో ఉన్నాయి. కానీ ఏకగ్రీవం ఎక్కడ కుదురుతుంది? ఊరందరూ కూర్చున్న చోట కాదు. నలుగురైదుగురు పెద్దలు, తెరవెనుక ఇద్దరు పార్టీ నాయకులు, ఒక రాత్రి. గుడికి ఇంత, రోడ్డుకు ఇంత అని లెక్క కుదిరాక మిగతా ఊరికి తెలుస్తుంది. ఆ పదవిలోకి వచ్చినవాడికి ఎవరినైనా అడిగి ఏదైనా చేయాల్సిన అవసరం ఎవరితో ఉంటుంది? ఆ రాత్రి కూర్చున్న నలుగురితో. సంప్రదింపు లేకపోలేదు, బాగానే ఉంది. కాకపోతే సభకు ముందే, సభకు రానివాళ్ల మధ్యే ముగిసిపోయింది. తర్వాత పెట్టే సభ దానికి సంతకం మాత్రమే. ఆ సంతకం కోసం పొలం పని మానుకుని రాని రైతుది ఆసక్తి లేకపోవడమా, లెక్క తెలియడమా?

కొల్లేటి పక్క చూస్తే ఏకగ్రీవం అన్న మాటకు ఇంకో ముఖం కనిపిస్తుంది. కొల్లేటి లంక గ్రామాల్లో కట్టుబాటు బలమైనది. ఊరి ఉమ్మడి చెరువును వేలం వేయడం, వచ్చిన డబ్బు ఇంటింటికీ పంచడమో గుడికీ బడికీ పెట్టడమో కులపెద్దలు తేలుస్తారు, ఊరు ఆ మాట మీద నిలబడుతుంది. బయటివాళ్లకు ఇది అచ్చమైన గ్రామ స్వరాజ్యంలా కనిపిస్తుంది. కట్టుబాటు దాటినవాళ్లకు వెలి కూడా అంతే అచ్చంగా పడుతుంది. 1970లలో జలగం వెంగళరావు ప్రభుత్వం పేద మత్స్యకారులకూ దళితులకూ సహకార సంఘాలు పెట్టించి కొల్లేట్లో చెరువులు తవ్వించింది. సభ్యులు పేదలు, పెట్టుబడి లేదు. కొన్నేళ్లకే చాలా చెరువులు లీజుల మీద డబ్బున్నవాళ్ల చేతికి పోయాయి. సంఘం పేరు అలాగే ఉంది, సభ్యుడికి ఏటా ఇంత అని చేతిలో పడేది. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేసినప్పుడూ, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు పగలగొట్టినప్పుడూ ఆ సభ్యుణ్ణి ముందుగా అడిగినవాళ్లు తక్కువ. చెరువు ఎవరిది అని అడిగితే కాగితం అతని పేరు చెబుతుంది. పోయేటప్పుడు మాత్రమే అది అతనిదైంది.

ఇక గ్రామసభ. 73వ రాజ్యాంగ సవరణ, 1994 పంచాయతీరాజ్ చట్టం దానికి పునాది. 1997 జనవరి 1న మొదలైన జన్మభూమిలో అధికారులే ఊళ్లోకి వచ్చి సభ పెట్టేవారు. జనం బాగానే వచ్చారు, ఎందుకంటే రేషను కార్డు, పింఛను దరఖాస్తు అక్కడే ఇవ్వాలి. అది సంప్రదింపు కంటే అర్జీల మేళా. అయినా పేదవాడు కలెక్టరు ముందు మైకు పట్టుకోవడం చిన్న విషయమేమీ కాదు. దక్షిణాది నాలుగు రాష్ట్రాల్లో సుమారు 300 గ్రామసభల మాటలు రాసుకుని విజయేంద్ర రావు, పరోమితా సన్యాల్ తెచ్చిన ‘ఓరల్ డెమోక్రసీ’ పుస్తకం ఈ సంగతే గట్టిగా చెబుతుంది. అడిగింది దొరకకపోయినా పదిమందిలో అడిగిన మనిషి మర్యాద పెరుగుతుంది, అధికారికి జవాబు చెప్పక తప్పదు. గ్రామసభలు జరిగే ఊళ్లలో సాయం నిజంగా పేదవాళ్లకు చేరడం మెరుగ్గా ఉందని ఆర్థికవేత్తల పరిశీలన కూడా అంతకుముందే ఉంది. కాబట్టి గ్రామసభ దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను.

2019 తర్వాత ఈ కొద్దిపాటి అవసరం కూడా తగ్గింది. గ్రామ సచివాలయాలు వచ్చాయి, యాభై ఇళ్లకొక వాలంటీరు వచ్చాడు, పింఛను గుమ్మంలోకి వచ్చింది. ముసలివాళ్లకు ఎంత మేలో చెప్పక్కర్లేదు. 2024లో వాలంటీర్లు పోయినా ఇంటికొచ్చే పింఛను పోలేదు. 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. 2019లో వచ్చిన ప్రభుత్వమూ 2024లో వచ్చిన ప్రభుత్వమూ ఒకదాన్నొకటి ఎంత తిట్టుకున్నా ఈ విషయంలో ఒకే దారిన నడిచాయి: పౌరుడు ఒంటరిగా, ఇంట్లో కూర్చుని, తన పని తాను చేయించుకోవాలి. దానిలో సుఖం ఉంది. పోయింది ఏమిటంటే పదిమంది ఒకచోట చేరే సాకు. వాట్సాప్‌లో ఆదాయ ధ్రువపత్రం వస్తుంది కానీ పెదలింగాలవాళ్లూ ఇలపర్రువాళ్లూ కలిసి తేల్చుకోవలసిన మురుగు తగాదా అందులో తేలదు. 2024 ఆగస్టు 23న ఒక్క రోజే 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టడం ఈ ధోరణికి ఎదురు నిలిచిన మంచి ప్రయత్నం. ఆ సభల్లో ముఖ్యంగా మాట్లాడింది ఉపాధి హామీ పనుల గురించి, అంటే డబ్బు ఉన్న విషయం గురించి. అక్కడ జనం మాట్లాడారు కూడా. ఆ సభల గురించి ఎక్కువగా ప్రచారమైంది మాత్రం వాటి సంఖ్య, దానికొచ్చిన రికార్డు. ఆ సభల వల్ల ఎన్ని ఊళ్లలో ముందనుకున్న పని మారిందో ఎవరైనా లెక్క తీసి ఉంటే అదీ వార్త.

ఈ విషయంలో బయటి అనుభవం ఏం చెబుతుంది? బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రే నగరం 1989 నుంచి బడ్జెట్‌లో కొంత భాగాన్ని పేటల సభలకు వదిలేసింది. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకిచ్చి, ఇప్పుడు చెప్పండి ఏం చేద్దామో అంది. వరస గమనించాలి. ముందు డబ్బు, తర్వాత ప్రశ్న. మనం ముందు ప్రశ్న వేసి డబ్బు సంగతి తర్వాత చూద్దామన్నాం. పంచాయతీలకు వచ్చిన ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిలకు మళ్లించారని సర్పంచులే రోడ్డెక్కిన రాష్ట్రంలో, ఖాళీ ఖజానా ముందు కూర్చోబెట్టి సలహా అడిగితే ఊరి పెద్దాయన నవ్వి ఊరుకోక ఏం చేస్తాడు?

మన రాష్ట్రంలోనే ఇందుకు పూర్తిగా భిన్నంగా నడిచిన చోటు డ్వాక్రా. నందివాడలోనూ దివిసీమలోనూ ఎక్కడ చూసినా పదిమంది ఆడవాళ్ల గుంపు నెలనెలా కూర్చుంటుంది. పొదుపు ఎంత, అప్పు ఎవరికి, వాయిదా ఎందుకు తప్పింది అన్నీ అందరి ముందే తేలతాయి. మొదటి లీడరు, రెండో లీడరు మారుతుంటారు. తీర్మానాల పుస్తకం ఉంటుంది, బ్యాంకు దాన్ని చూస్తుంది. ఇక్కడ హాజరు గురించి ఎవరూ ఏడవరు. కారణం ఆడవాళ్లు సహజంగా క్రమశిక్షణ గలవాళ్లని కాదు, అది మనం వాళ్లను పొగిడి పని చేయించుకునే మాట. గుంపు చిన్నది, డబ్బు తమది, ఒకరి అప్పు ఎగిరితే మిగతా తొమ్మిదిమంది జేబుకు చిల్లు. వద్దు అనే హక్కు ప్రతి సభ్యురాలికీ నిజంగా ఉంది, వాడుతుంది కూడా. కానీ అదే వ్యవస్థ గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అని పైకి వెళ్లేకొద్దీ పలచబడుతుంది. కింద అప్పు ఎవరికివ్వాలో తేల్చుకున్న మనిషినే పైనుంచి ఫోను చేసి ఫలానా మీటింగుకు బస్సు ఎక్కమంటారు. ఎవరి సభో, ఏం సభో ఆమెను అడగరు. హాజరు మాత్రం నూటికి నూరు.

బడి కమిటీలను తొందరగా దాటిపోవచ్చు. 1998 నాటి విద్యా కమిటీల చట్టం నుంచి, 2009 విద్యా హక్కు చట్టం చెప్పిన యాజమాన్య కమిటీల మీదుగా, 2024 డిసెంబరు 7న మొదలైన మెగా తల్లిదండ్రుల సమావేశాల దాకా కథ ఇంచుమించు ఒకటే. తల్లులను పిలవడం బాగా నేర్చుకున్నాం. పంతులు రాకపోతే వాళ్లు ఏం చేయగలరో చెప్పడం ఇంకా నేర్చుకోలేదు.

చివరగా పిల్లల సభలు. ఈ విషయంలో నాకు అన్నింటికంటే ఆలోచన రేపింది అవే. యువ పార్లమెంటు అన్నది పాత పథకమే. 1962లో బొంబాయిలో జరిగిన అఖిల భారత విప్‌ల సదస్సు సిఫారసు మీద 1966లో ఢిల్లీ బడుల్లో మొదలైంది. తర్వాత కేంద్రీయ, నవోదయ విద్యాలయాలకు పాకింది, 2019 నవంబరు 26న ఆన్‌లైన్ పోర్టల్ వచ్చింది. మన రాష్ట్రంలో 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో నియోజకవర్గానికి ఒకరు చొప్పున విద్యార్థులతో మాక్ అసెంబ్లీ పెట్టారు. గుడివాడ, నందివాడ, గుడ్లవల్లేరు మండలాల గుడివాడ నియోజకవర్గానికీ అందులో చోటుంది. ఇలాంటి సభల మీద ఒక విమర్శ ఎప్పుడూ ఉంటుంది, నిజమే కూడా. ప్రసంగాలు పంతుళ్లు రాసిస్తారు, పిల్లలు వల్లె వేస్తారు, బిల్లు నెగ్గుతుందని ముందే తెలుసు. బడి స్టేజీ మీద ‘అధ్యక్షా’ అంటే చప్పట్లు పడతాయి. నిజమైన సభ్యుడు నేర్చుకోవలసింది మాట్లాడటం కాదు, ఓడిపోయి కూడా మళ్లీ సభకు రావడం. అది ఆటలో నేర్పడం కష్టం.

అయినా ఆ ఆటలో ఒక అంశం మన నీటి సంఘంలోనూ గ్రామసభలోనూ లేదు. ఆటలో ప్రతిపక్ష నాయకుడు తప్పనిసరి. ఎవరో ఒక పిల్లకు ఆ పాత్ర ఇవ్వాల్సిందే, ఆమె లేచి ప్రభుత్వాన్ని నిలదీయాల్సిందే, మంత్రి పాత్రలో ఉన్న పిల్లవాడు అనుబంధ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిందే. నిలదీసిన పిల్లకు మార్కులు వస్తాయి. అదే పిల్ల తండ్రి తామిరిశలోనో జనార్దనపురంలోనో సంఘం సమావేశంలో లేచి పూడిక బిల్లు అడిగితే వచ్చే పేరు ‘అడ్డం తిరిగాడు’. రేపు అతని చేనుకు నీళ్లు ఆలస్యమైనా కారణం ఎవరూ చెప్పరు. కాదనడాన్ని పిల్లలకు ఒక పాత్రగా నేర్పి, పెద్దలకు ఒక నేరంగా మిగిల్చాం.

పైన చూసిన ప్రయోగాలన్నింటిలో కాస్త నిలబడ్డవి ఏవంటే, చిన్న గుంపు, సొంత డబ్బు, వద్దనే హక్కు ఉన్నవే. ఈ మూడింట్లో చివరిదాన్ని చట్టాలు ఎప్పుడూ మరిచిపోతాయి. హాజరు లెక్క పెట్టే ఏర్పాటు దాదాపు అన్నిచోట్లా ఉంది. సభ వల్ల ఏం మారిందో లెక్క పెట్టే ఏర్పాటు మాత్రం నాకు కనిపించలేదు. 2025లో కేంద్రం గ్రామసభల రికార్డింగుల నుంచి యంత్రంతో మినిట్స్ రాయించే ‘సభాసార్’ తెచ్చింది. బాగానే ఉంది, కార్యదర్శి చేతిరాత బాధ తప్పుతుంది. కానీ అంతకంటే ముందు కావలసింది రూపాయి ఖర్చు లేని పని. ఇప్పుడు తీర్మానాల పుస్తకంలో ఆమోదించినవే రాస్తారు. ఎవరో లేచి చెరువు గట్టు వెనక్కి జరపాలని అడిగారు, సభ ఒప్పుకోలేదు, ఫలానా కారణం చెప్పింది అన్నది ఎక్కడా ఉండదు. ఒప్పుకోని ప్రతిపాదననూ, దాన్ని తెచ్చిన మనిషి పేరునూ, కాదన్న కారణాన్నీ అదే పుస్తకంలో రాసి, మరుసటి సభలో మొదట చదవాలని పంచాయతీరాజ్ నిబంధనల్లోనూ సాగునీటి సంఘాల నిబంధనల్లోనూ ఒక్క వాక్యం చేర్చవచ్చు. 2021లో ఎన్నికైన పంచాయతీ పాలకవర్గాల గడువు 2026 ఏప్రిల్ దాకే. ఏకగ్రీవాలకు ఈసారి ఎంత నగదు అన్న బేరం మొదలయ్యేలోపు ఆ వాక్యం రాయడానికి ఒక జీవో చాలు.